డయ్యూ కోట, పానీకోట, ఖుక్రీ: హైదరాబాద్ నుంచి వెళ్ళేవాళ్ళు తరచుగా అడిగే ప్రశ్నలు

గోల్కొండ, కుతుబ్‌షాహీ సమాధుల చుట్టూ ఆదివారాలు తిరిగే మిత్రుల్లో చాలామందికి ఈమధ్య సముద్రపు కోటల మీదికి మనసు మళ్ళింది. వాళ్ళలో డయ్యూకి టికెట్లు తీసుకున్నవాళ్ళు అడిగే సందేహాలు మాత్రం ఎప్పుడూ అవే. ప్రతిసారీ వాట్సాప్‌లో టైపు చేసే ఓపిక లేక ఇలా ఒకచోట పెడుతున్నాను. వరసగా చదవక్కర్లేదు, మీకు కావాల్సిన ప్రశ్న దగ్గరికి నేరుగా వెళ్ళిపోండి.

## బయల్దేరే ముందు

డయ్యూ అంటే మందు కోసం పోయే ఊరు గదా, అక్కడ చూడనీకి ఏముంటది?

గుజరాత్‌లో మద్యనిషేధం ఉంది, డయ్యూ కేంద్రపాలిత ప్రాంతం కాబట్టి అక్కడ లేదు. శని, ఆదివారాలు జనం అందుకే ఎగబడతారు. ఆ రెండు రోజులు వదిలేసి వెళ్ళండి, ఊరు వేరేగా కనిపిస్తుంది. పొడవు పదకొండు కిలోమీటర్లు, వెడల్పు మూడు ఉండే ఈ దీవి 1535 నుంచి 1961 దాకా పోర్చుగీసువాళ్ళ చేతిలో ఉంది. 1509లో ఒక పెద్ద నౌకాయుద్ధం, 1538లో, 1546లో రెండు ముట్టడులు, 1961లో భారత సైన్యం రాక, 1971లో తీరానికి అవతల మునిగిన మన యుద్ధనౌక ఖుక్రీ, ఇన్ని ఈ చిన్న ముక్క చుట్టూనే జరిగాయి. నాగోవా బీచ్‌లో స్కూటర్ నడుపుకోవడానికే వెళ్తానంటే అదీ మీ ఇష్టం. కానీ దానికి అంత దూరం అక్కర్లేదు, సూర్యలంక చాలు.

అసలు ఇంత చిన్న దీవి కోసం అంత కొట్లాట ఎందుకు?

మ్యాప్‌లో ఖంభాత్ సింధుశాఖ నోరు చూడండి. గుజరాత్ నూలు బట్టలు, నీలిమందు ఎర్రసముద్రానికి, పర్షియా సింధుశాఖ ముఖాన ఉన్న హోర్ముజ్‌కి వెళ్ళే దారి అటే. ఆ దారి పక్కన, గాలివానకు ఓడలు తలదాచుకునే రేవుతో డయ్యూ కూర్చుంది. దీన్ని పట్టుకున్నవాడికి వచ్చిపోయే ఓడల సుంకం దక్కుతుంది. దీవిలో పండే పంట మీద ఎవరికీ ఆశ లేదు.

మన పెద్దలు బుడతకీచులన్న పోర్చుగీసువాళ్ళు ఇంకో అడుగు ముందుకేశారు. సముద్రంలో తిరగాలంటే తమ దగ్గర 'కర్తాజు' అనే అనుమతి చీటీ కొనాలన్నారు. చీటీ లేని ఓడ దొరికితే సరుకు జప్తు. చీటీ ఉన్న ఓడ కూడా వాళ్ళ రేవుకొచ్చి సుంకం కట్టి పోవాలి. మచిలీపట్నం నుంచి బయల్దేరే గోల్కొండ ఓడలకు కూడా ఈ కర్తాజు బెడద తప్పలేదు. డయ్యూలో మీరు చూసే ప్రతి బురుజూ ఆ వసూళ్ళకు కాపలాగా కట్టిందే. ఈ ఒక్క విషయం మనసులో పెట్టుకుంటే అక్కడ గైడ్ చెప్పే రాజుల పేర్లు సగం మర్చిపోయినా నష్టం లేదు.

హైదరాబాద్ నుంచి ఎట్ల పోవాలె?

శంషాబాద్ నుంచి అహ్మదాబాద్‌కో రాజ్‌కోట్‌కో చేరి, అక్కడి నుంచి రోడ్డు పట్టుకోవడం తేలిక. అహ్మదాబాద్ నుంచి రోడ్డు మీద దాదాపు రోజంతా పోతుంది. ముంబయి నుంచి డయ్యూకి చిన్న విమానాలు నడుస్తుంటాయి గానీ షెడ్యూల్ తరచూ మారుతుంది, దాన్ని నమ్ముకుని మిగతా టికెట్లు ముందే కొనేయొద్దు. రైలు ఇష్టమైతే సికింద్రాబాద్ నుంచి రాజ్‌కోట్ వైపు వెళ్ళే బండి ఉంది. ఒక రోజు దాటిన ప్రయాణం, అన్నం డబ్బా సర్దుకోండి. పెద్ద రైల్వేస్టేషన్ వేరావల్, డయ్యూకి తొంభై కిలోమీటర్ల దూరం. అటు సోమనాథ్ కూడా చూసుకోవచ్చు కాబట్టి ఇంట్లో పెద్దవాళ్ళను ఒప్పించడం సులువు.

ఎప్పుడు పోతే మంచిది?

అక్టోబర్ నుంచి ఫిబ్రవరి. వానాకాలంలో సముద్రం పొంగుతుంది, పడవలు కట్టేస్తారు, నీళ్ళలోకి దిగనివ్వరు. డిసెంబర్ 19 డయ్యూ విముక్తి దినం, ఆ వారం హోటళ్ళు నిండిపోతాయి.

ఒక్క రోజులో అయిపోతదా?

సోమనాథ్ నుంచి పొద్దున వచ్చి సాయంత్రం పోయే టూరు బస్సులు కోటకు గంట టైమిస్తాయి. ఆ గంటలో సెల్ఫీలవుతాయి, కోట కాదు. రెండు రాత్రులు ఉండండి. మొదటి పొద్దున ఎండ ఎక్కకముందే కోట, సాయంత్రం జెట్టీ వైపు. రెండో రోజు చర్చిలు, నాయిడా గుహలు, పొద్దుగూకే వేళకి ఖుక్రీ స్మారకం.

## కోట లోపల

గోల్కొండ చూసినోళ్ళకి ఈ కోటలో కొత్తగా ఏం కనిపిస్తది?

మొదట నిరాశే కనిపిస్తుంది. గోల్కొండలో ఫతే దర్వాజా దగ్గర నిలబడి తలెత్తితే బాలాహిస్సార్ దాకా కోట కళ్ళకు కడుతుంది. డయ్యూ కోట అలా పైకి లేవదు, నేలకు అతుక్కుని పరుచుకుంటుంది. అందులోనే దాని తెలివంతా ఉంది. ఎత్తైన గోడ ఫిరంగికి మంచి గురి. 1500ల నాటికి యూరప్‌లో కోటలు కట్టేవాళ్ళు ఈ సంగతి గ్రహించి గోడల ఎత్తు తగ్గించి మందం పెంచారు, మూలల్లో బురుజులను ముందుకు పొడిచారు. ఒక బురుజు మీద నిలబడితే పక్క బురుజు గోడ పాదం దాకా కనిపించాలి. అక్కడికి చేరి నిచ్చెన వేసే శత్రువు మీదకి పక్కనుంచి కాల్చాలి, అదీ లెక్క. డయ్యూలో ఏదైనా బురుజెక్కి ఈ పరీక్ష చేసి చూడండి. నక్కి నిలబడే చోటు ఎక్కడా మిగలదు.

మూడు వైపులా సముద్రం. నాలుగో వైపు, అంటే ఊరి వైపు, రాతిని తొలిచిన కందకం. పోటు వచ్చినప్పుడు సముద్రపు నీళ్ళే బయటి కందకంలోకి ఎక్కుతాయి. వంతెన దాటేటప్పుడు అందరూ ద్వారం ఫొటో తీసుకుంటూ కందకాన్ని వదిలేస్తారు. ఒక్క నిమిషం ఆగి కిందికి చూడండి. గోడ అడుగు ఎక్కడ మొదలైందో, కొండరాయి ఎక్కడ ముగిసిందో తెలియకుండా కలిసిపోయి ఉంటాయి.

ఇంకో పోలిక కూడా ఉంది. 1687లో గోల్కొండ ముట్టడిలో మొగలులు బురుజుల కిందికి సొరంగాలు తవ్వి మందుగుండు నింపితే, అది తిరగబడి వాళ్ళ సైన్యాన్నే చంపింది. డయ్యూలో 1546లో గుజరాత్ సైన్యం వాడిన ఎత్తుగడ అదే, అక్కడ మాత్రం పారింది. ఒక బురుజు లోపలివాళ్ళతో సహా లేచిపోయింది.

1509 యుద్ధం ఈ కోట దగ్గరే జరిగిందా?

అప్పటికి ఈ కోట లేదు. 1509 ఫిబ్రవరి 3న యుద్ధం జరిగింది రేవు ముందర, నీళ్ళలో. ఒకవైపు పోర్చుగీసు వైస్రాయ్ ఫ్రాన్సిస్కో డి అల్మేడా. ఇంకోవైపు అప్పట్లో ఈజిప్టును ఏలుతున్న మమ్లూకుల నౌకాదళంతో అమీర్ హుసేన్, గుజరాత్ సుల్తాను తరఫున డయ్యూ పాలకుడు మాలిక్ అయాజ్, కాలికట్ రాజు జామొరిన్ పంపిన పడవలు. అల్మేడా కొడుకు లౌరెన్సో అంతకుముందు ఏడాది కొంకణ తీరంలోని చౌల్ రేవు దగ్గర ఇదే కూటమి చేతిలో చనిపోయాడు. తండ్రి వచ్చింది పగ తీర్చుకోవడానికి. మమ్లూకుల నౌకాదళం చిత్తయింది. హిందూ మహాసముద్రంలో పోర్చుగీసుల పెత్తనం ఆ రోజు నుంచే లెక్కేస్తారు. విచిత్రమేమిటంటే గెలిచిన అల్మేడా డయ్యూని పట్టుకోకుండానే వెళ్ళిపోయాడు. మాలిక్ అయాజ్ మహా గడుసువాడు, ఓడిన మర్నాడే సంధి మాటలు మొదలుపెట్టి ఊరిని కాపాడుకున్నాడు. అల్మేడా మాత్రం స్వదేశం చేరలేదు, 1510లో ఆఫ్రికా దక్షిణ కొన దగ్గర స్థానికులతో జరిగిన గొడవలో పోయాడు.

మరి యుద్ధం లేకుండా కోట ఎలా వచ్చింది? బహదూర్ షాని పోర్చుగీసువాళ్ళే చంపారంటారు, నిజమేనా?

1531లో పోర్చుగీసు గవర్నర్ నూనో ద కున్హా పెద్ద దండుతో వచ్చి డయ్యూ మీద పడితే పని కాలేదు. నాలుగేళ్ళకు హుమాయూన్ ఆ పని చేసిపెట్టాడు. మొగలు సైన్యం తరుముకొస్తుంటే గుజరాత్ సుల్తాను బహదూర్ షా సాయం కోసం పోర్చుగీసువాళ్ళతో ఒప్పందం చేసుకుని, 1535లో కోట కట్టుకోనిచ్చాడు. హుమాయూన్ వెనక్కి తగ్గాక సుల్తానుకి ఇచ్చిన మాట బరువైంది. 1537 ఫిబ్రవరిలో నూనో ద కున్హా ఓడకి వెళ్ళి మాట్లాడి వస్తుండగా పెనుగులాట జరిగింది, సుల్తాను సముద్రంలో ప్రాణం వదిలాడు. పన్నాగమని గుజరాత్ చరిత్రకారులు, అనుకోకుండా జరిగిందని పోర్చుగీసు చరిత్రకారులు రాసుకున్నారు. అతిథిగా వెళ్ళిన రాజు శవమై తేలితే ఆతిథ్యమిచ్చినవాడి మాట నమ్మడం కష్టమే అని నా అభిప్రాయం.

1538, 1546 ముట్టడులు రెండూ కలగాపులగం అయిపోతున్నాయి. తేడా ఏంటి?

మొదటిదానికి ఒట్టోమన్ తుర్కులు వచ్చారని గుర్తుపెట్టుకోండి, రెండోదానికి రాలేదు.

1538లో ఈజిప్టు పాలకుడు హాదిమ్ సులేమాన్ పాషా సూయజ్ నుంచి నౌకాదళంతో దిగాడు. గుజరాత్ తరఫున సేనాని ఖోజా సఫర్ కలిశాడు. కోటలో ఆంటోనియో ద సిల్వేరా, కొన్ని వందల మంది. లోపల ఆయుధం పట్టగలిగినవాళ్ళు కొద్దిమందే మిగిలిన దశలో, నవంబర్‌లో, పాషా లంగరెత్తి వెళ్ళిపోయాడు. దారిలో యెమెన్ తీరంలోని ఏడెన్‌లో అతిథిగా పిలిచి అక్కడి పాలకుడిని ఉరితీసిన పాషాని చూసి గుజరాతీలకూ భయం పట్టుకుంది, పోర్చుగీసుల స్థానంలో తుర్కులు దిగితే ఒరిగేదేముందని సాయం తగ్గించారు. పోర్చుగీసుల కొత్త ఓడలు వస్తున్నాయన్న కబురు కూడా తోడైంది.

1546లో వచ్చింది గుజరాత్ సైన్యం, నడిపింది మళ్ళీ ఖోజా సఫరే. కోట అధిపతి జొవావ్ మస్కరేన్యాస్. ఏప్రిల్ నుంచి నవంబర్ దాకా సాగింది. ఖోజా సఫర్ ఫిరంగి దెబ్బకు పోయాడు. గోవా నుంచి వచ్చిన గవర్నర్ జొవావ్ ద కాస్త్రో చివరికి ముట్టడిని విడిపించాడు గానీ, ఆయన కొడుకు ఫెర్నాండో అప్పటికే బురుజు పేలుడులో చనిపోయాడు.

కూలిన కోటని మళ్ళీ కట్టడానికి డబ్బు లేదు. కాస్త్రో గోవా నగర పెద్దలను అప్పు అడిగాడు. తాకట్టుగా కొడుకు ఎముకలు పంపుదామనుకున్నాడు, శవం ఇంకా మట్టిలో కలవలేదు. దాంతో తన గడ్డం వెంట్రుకలు కోసి పంపాడు. గోవా వాళ్ళు డబ్బిచ్చారు, వెంట్రుకలు తిరిగి పంపేశారు. మీరు ఇవాళ నడిచే గోడల్లో చాలా భాగం ఆ తర్వాత కట్టినవే.

తోపుల మీద ఎక్కి ఫొటోలు దిగొచ్చా?

అందరూ దిగుతున్నారు, మీరు మాత్రం మానండి. దానికి బదులు ఒక కంచు తోపు దగ్గర వంగి చూడండి. వెనక వైపు, పైన, చిటికెన వేలు పట్టేంత రంధ్రం ఉంటుంది, నిప్పు అంటించేది అక్కడ. గొట్టం పక్కల పొడుచుకొచ్చిన రెండు మొద్దుల మీదే తోపు బండికి ఆని పైకీ కిందికీ వంగేది. కొన్నిటి మీద పోర్చుగల్ రాజచిహ్నం, ఐదు చిన్న డాళ్ళు ఉన్న పెద్ద డాలు, ఉప్పుగాలికి అరిగినా వేలికి తగులుతుంది.

బహదూర్ షా కోసం 1533లో పోతపోసిన భారీ కంచు తోపొకటి డయ్యూలో పోర్చుగీసుల చేతికి చిక్కింది. 'తిరో ద దియు' పేరుతో అదిప్పుడు లిస్బన్ సైనిక మ్యూజియంలో ఉంది. మీద అరబీ రాత అలాగే ఉంది.

కోటలో జైలుందట, లోపల ఖైదీలుంటారా?

కోటలో ఒక భాగాన్ని చాలాకాలం సబ్‌జైలుగా వాడారు. తాళం వేసిన గేట్ల వైపు వెళ్ళకండి, గట్టిగా అరిచి చప్పట్లు కొట్టి ప్రతిధ్వని పరీక్షలూ చేయకండి. ఇది గోల్కొండ కాదు, ఏమీ వినిపించదు.

## నీటి వైపు

పానీకోట లోపలికి పోనిస్తారా?

మామూలుగా పడవ చుట్టూ తిప్పి తీసుకొస్తుంది, దిగనివ్వరు. అయినా వెళ్ళండి. జెట్టీకి ఎదురుగా, కాలువ మధ్యలో, లంగరేసిన ఓడ ఆకారంలో ఉండే రాతి కట్టడం అది. దీన్ని కూడా జైలుగా వాడారు. పోర్చుగీసులకన్నా ముందే మాలిక్ అయాజ్ నీళ్ళలో బురుజు కట్టి, రేవు దారికి అడ్డంగా ఇనుప గొలుసు బిగించే ఏర్పాటు చేశాడు. రేవులోకి రావాలన్నా పోవాలన్నా అతని చేయి దాటాలి.

పడవ మీంచి వెనక్కి తిరిగి పెద్ద కోటని చూడటం అసలు లాభం. నేల మీంచి చూస్తే గోడలే కనిపిస్తాయి. నీటి మీంచి చూస్తే రెండు కోటల తోపుల మధ్య దారి ఎంత ఇరుకో, సుంకం ఎగ్గొట్టి పోవడం ఎంత కష్టమో తెలుస్తుంది. పోటు మీద ఉన్నప్పుడు వెళ్ళండి, ఆటు సమయంలో పడవవాళ్ళే వద్దంటారు.

చర్చిలు, నాయిడా గుహలు మిలిటరీ చరిత్రలోకి వస్తాయా?

గుహలు ఖచ్చితంగా వస్తాయి. అవి సహజంగా ఏర్పడినవి కావు, కోట కోసం, ఊరి కోసం రాయి కోసిన క్వారీ. గోడల మీద చతురస్రంగా దిమ్మలు తీసిన గుర్తులు చూడండి. మధ్యాహ్నం పైనుంచి వెలుగు పడుతుంది, ఇన్‌స్టా గుంపూ అప్పుడే పడుతుంది. చర్చిల్లో సెయింట్ పాల్స్ ఇప్పటికీ ప్రార్థనలు జరిగే చోటు, సెయింట్ థామస్ మ్యూజియం అయింది, సెయింట్ ఫ్రాన్సిస్‌ని ఆసుపత్రిగా వాడారు. ఊరి చుట్టూ ఉన్న గోడలో జంపా దర్వాజా వదలకండి.

వనక్‌బారా పోవాలా?

దీవి పడమటి కొసన జాలర్ల ఊరు. బతికున్న సముద్ర వారసత్వం చూడాలంటే పొద్దున్నే వెళ్ళండి. ఒడ్డుకు లాగిన పడవల పలకల సందుల్లో దూది దట్టించడం కనిపిస్తుంది. చేపల వాసన పడనివాళ్ళు మానేయొచ్చు.

## 1961, 1971

1961లో జరిగింది మన పోలీస్ యాక్షన్‌లాంటిదేనా?

నడిపిన మనిషి ఒకడే. 1948లో హైదరాబాద్ మీదికి వచ్చి నిజాం సైన్యాధిపతి జనరల్ ఎల్ ఎడ్రూస్ లొంగుబాటు తీసుకున్న జె.ఎన్. చౌధురి, 1961 నాటికి సదరన్ కమాండ్ అధిపతి. గోవా, డామన్, డయ్యూల ఆపరేషన్ విజయ్ ఆయన కింద జరిగింది.

తేడాలూ ఉన్నాయి. నిజాం రాజ్యం మీదికి నాలుగు వైపుల నుంచి నేల మీదే వచ్చారు. డయ్యూకి నీళ్ళు దాటాలి. రాత్రి చీకట్లో కాలువ దాటబోయిన మన సైనికుల మీద అవతలి ఒడ్డు నుంచి మెషిన్‌గన్‌లు పేలాయి, మొదటి ప్రయత్నం ఆగిపోయింది. ఆ తర్వాత వైమానిక దాడులు, సముద్రం నుంచి మన యుద్ధనౌక ఐఎన్‌ఎస్ ఢిల్లీ ఫిరంగి గుండ్లు. ఈ ఢిల్లీకో గతం ఉంది. అకిలీస్ అనే పేరుతో 1939లో రివర్ ప్లేట్ యుద్ధంలో జర్మన్ నౌక గ్రాఫ్ స్పీతో తలపడింది ఇదే ఓడ. పోర్చుగీసుల పక్షాన డయ్యూ నీళ్ళలో ఉన్నది వేగా అనే చిన్న గస్తీ పడవ. విమానాల మీదికి కాల్చుతూ మునిగిపోయింది, దాని యువ అధికారి ఒలివేరా ఎ కార్మో చనిపోయాడు. డిసెంబర్ 19న డయ్యూ లొంగిపోయింది. ఎదుటివాడైనా ఆ పడవ కథ చెప్పకుండా గైడ్లు దాటేయడం నాకు నచ్చదు.

ఖుక్రీ మునిగింది స్మారకం ఎదురుగానేనా?

అంత దగ్గర్లో కాదు, తీరం నుంచి దాదాపు 40 నాటికల్ మైళ్ళ దూరంలో. 1971 డిసెంబర్ 9 రాత్రి పాకిస్తాన్ జలాంతర్గామి హంగోర్ వదిలిన టార్పెడో తగిలి ఐఎన్‌ఎస్ ఖుక్రీ నిమిషాల్లో మునిగింది. 18 మంది అధికారులు, 176 మంది నావికులు పోయారు. రెండో ప్రపంచయుద్ధం తర్వాత జలాంతర్గామి దెబ్బకు మునిగిన మొదటి యుద్ధనౌక అదే. కెప్టెన్ మహేంద్రనాథ్ ముల్లా తన లైఫ్‌జాకెట్ ఇంకొకరికిచ్చి ఓడతోనే ఉండిపోయారు, మరణానంతరం మహావీర్ చక్ర ఇచ్చారు.

సముద్రానికి ఎదురుగా గుట్ట మీద అద్దాల పెట్టెలో ఓడ నమూనా పెట్టారు. పక్కన పేర్లు ఉంటాయి. నమూనాతో ఫొటో తీసుకుని వెళ్ళిపోకుండా పేర్లు చదవండి.

ఖుక్రీలు రెండున్నాయంటున్నారు, ఏది ఏది?

1971లో మునిగింది బ్రిటన్‌లో కట్టిన ఫ్రిగేట్, అంటే మధ్యరకం యుద్ధనౌక. అదే పేరుతో ముంబయి మజగాఁవ్ డాక్‌లో కట్టిన క్షిపణి కార్వెట్ (చిన్న యుద్ధనౌక) 1989లో నౌకాదళంలో చేరింది, 2021 డిసెంబర్‌లో రిటైరయింది. ఆ రెండో ఓడని మ్యూజియం కోసం 2022లో డయ్యూకి అప్పగించారు. లోపలికి ఎప్పుడు వదులుతారో ఊళ్ళో అడిగి వెళ్ళండి.

వైజాగ్‌లో కురసుర చూసేశాం. ఇక్కడ కొత్తగా తెలిసేదేమైనా ఉందా?

ఉంది, అవతలి ముఖం. వైజాగ్ బీచ్‌రోడ్డులో కురసుర లోపల వంగి నడిచినవాళ్ళకి జలాంతర్గామిలో మనిషి ఎలా బతుకుతాడో తెలుసు. వైజాగ్ తీరంలో 1971 డిసెంబర్ 3 అర్ధరాత్రి దాటాక పాకిస్తాన్ జలాంతర్గామి ఘాజీ మునిగింది. మన నౌకాదళం దాన్ని తన ఖాతాలో వేసుకుంది, పాకిస్తాన్ ప్రమాదమంటుంది. వారం తిరక్కుండా అరేబియా సముద్రంలో ఖుక్రీ పోయింది. మనవాళ్ళు ఒక తీరం కథనే చెప్పుకుంటారు. పిల్లలకి రెండూ చెప్పండి. హంగోర్‌ని కరాచీలో మ్యూజియంగా ఉంచారు, కురసురని మనం ఉంచినట్టే.

అమ్మానాన్నలకి మోకాళ్ళ నొప్పులు. తీసుకెళ్ళొచ్చా?

గోల్కొండ ఎక్కలేనివాళ్ళు కూడా డయ్యూ కోటలో చాలావరకు తిరగగలరు, ఏటవాలు దారులే ఎక్కువ. నీడ తక్కువ. గోడ అంచుల్లో అన్నిచోట్లా పట్టుకోవడానికి కమ్మీలు లేవు, చిన్నపిల్లల చేయి వదలకండి.

## తిరిగొచ్చేటప్పుడు

రెండు బాటిళ్ళు సంచిలో పెట్టుకుని రావచ్చా అన్నా?

రోడ్డు మీదైనా రైల్లోనైనా మీరు గుజరాత్ దాటాలి. అక్కడ అది నేరం, చెక్‌పోస్టుల్లో సంచులు విప్పుతారు. తాగేది అక్కడే తాగి, తేలిగ్గా రండి.

అక్కడివాళ్ళకి పోర్చుగల్ పాస్‌పోర్టులు ఉంటాయంటే నిజమేనా?

నిజమే. 1961 డిసెంబర్ 19కి ముందు అక్కడ పుట్టినవాళ్ళు, వాళ్ళ వారసులు పోర్చుగల్ పౌరసత్వం కోరవచ్చు. చాలా కుటుంబాలు ఆ దారిన ఇంగ్లండ్ చేరాయి. తాళాలు వేసి ఉన్న పెద్ద ఇళ్ళు కనిపిస్తే కారణం అదే కావచ్చు. ఈ ప్రాంతాలు భారత్‌లో విలీనమవడాన్ని పోర్చుగల్ గుర్తించింది 1974లో.

ఇలాంటివి ఇంకా ఎక్కడ చూడొచ్చు?

దగ్గర్లో అంటే మచిలీపట్నం, బందరు కోటలో డచ్చివాళ్ళ కట్టడాల శిథిలాలున్నాయి. సముద్రం మధ్య కోటే కావాలంటే మహారాష్ట్రలో మురుద్ దగ్గర జంజీరా, ఆఫ్రికా మూలాలున్న సిద్దీలు ఏలిన కోట. ముంబయి దాకా రైల్లో వెళ్ళి అక్కడి నుంచి రోడ్డు. తెరచాప పడవలో కోటలోకి దింపుతారు. వానాకాలంలో అక్కడా పడవలు బంద్, దసరా సెలవులకు ప్లాన్ చేసుకోండి.